భోగాపురం మొదలయ్యాక మా బండి రేట్లు, టైమింగులు: ఉన్నది ఉన్నట్టు

మా ట్రావెల్స్ కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ మధ్య రోజూ ఫోన్లో వచ్చే ప్రశ్న ఒక్కటే. "విశాఖ ఎయిర్‌పోర్టు భోగాపురం వెళ్లిపోతే డ్రాప్‌కి ఎంత తీసుకుంటారండీ?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాసేస్తే నయమనిపించింది. విశాఖ వాళ్లకి రేటు పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో, అందులో మా చేతిలో ఉన్నదెంతో దాపరికం లేకుండా చెబుతాను.

ముందు రేట్లు. ఎంవీపీ కాలనీ నుంచి ఇప్పుడున్న ఎయిర్‌పోర్టుకి సెడాన్‌కి 600 రూపాయలు తీసుకుంటున్నాం. భోగాపురానికి అదే బండి 1,400 అవుతుంది. గాజువాక, స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్ వాళ్లకి ఇంకా భారం. ఇన్నాళ్లూ ఎయిర్‌పోర్టు వాళ్ల గుమ్మం ముందున్నట్టే ఉండేది. ఇకమీదట దాదాపు 60 కిలోమీటర్లు వెళ్లాలి, వాళ్లకి 2,000 పడుతుంది. విజయనగరం వాళ్లకి మాత్రం ఇప్పుడిస్తున్న దాంట్లో సగమే అవుతుంది. శ్రీకాకుళం వాళ్లకీ దూరం దాదాపు సగానికి తగ్గుతుంది కాబట్టి రేటు కూడా ఆ మేరకు తగ్గిస్తున్నాం.

రేటు రెట్టింపుకన్నా ఎక్కువ ఎందుకని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని దింపిన డ్రైవరు ఎన్ఏడీ జంక్షన్ దాటేలోపే ఇంకో ట్రిప్పు దొరికించుకుంటాడు. భోగాపురంలో రాత్రి పదకొండింటికి దింపితే అక్కడ బేరం దొరకదు, ఖాళీ బండితో ఊళ్లోకి రావాల్సిందే. ఆ ఖాళీ రిటర్న్ డీజిలు కూడా మీ రేటులోనే ఉంది. అందుకే ఒక ఏర్పాటు చేశాం. మీ డ్రాప్ టైముకి దగ్గరలో మరో కస్టమర్ పికప్ ఉంటే ఇద్దరికీ 1,100 చొప్పునే వేస్తాం. బుకింగ్ ముందురోజు సాయంత్రంలోగా చెబితేనే ఇది కుదురుతుంది.

అసలు ఎయిర్‌పోర్టు ఎందుకు మారుతోందన్నది కూడా చెప్పాలి. "ఉన్నది బాగానే ఉందిగా" అనే పెద్దవాళ్లు మా కస్టమర్లలో చాలామంది ఉన్నారు. మనం ఇప్పుడు విమానం ఎక్కుతున్న చోటు నిజానికి నేవీది, ఐఎన్ఎస్ డేగా స్థావరం. పౌర విమానాలకు అక్కడ ఒక పక్క చోటిచ్చారు, అంతే. నేవీ శిక్షణ గంటల్లో మనకు స్లాట్లు దొరకవు. కొత్త సర్వీసు వేద్దామని ఏ ఎయిర్‌లైన్ వచ్చినా వాళ్లకు కావలసిన టైము ఇవ్వడం కష్టం. భోగాపురంలో ఆ ఇబ్బంది ఉండదు. రన్‌వే 3,800 మీటర్లు, మొదటి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపడేలా కట్టారు. 2026 జనవరి 4న పరీక్షా విమానం కూడా దిగింది. ఉత్తరాంధ్రకు ఈ ఎయిర్‌పోర్టు కావాలి. ఈ మాట బండ్ల వ్యాపారం చూసుకుని అంటున్నది కాదు.

ఎందుకంటే ఉద్దానం వాళ్లని నేను దగ్గరగా చూస్తుంటాను. సోంపేట, కవిటి, పలాస వైపు నుంచి గల్ఫ్‌కి పనికి వెళ్లే కుర్రాళ్లు ఎంతమందో. వెళ్లేది ఒక్కడే, సాగనంపడానికి వచ్చేది ఇంటిల్లిపాదీ. అమ్మ, నాన్న, పెళ్లాం, చంకలో బిడ్డ, మేనమామ, పక్కింటి స్నేహితుడు. సీటు కింద జీడిపప్పు ప్యాకెట్లు, తాడుతో కట్టిన అట్టపెట్టె. మధ్యలో ఎక్కడైనా ఆగి టీ తాగి, అక్కడే ఏడ్చేసి, ఎయిర్‌పోర్టు దగ్గర మాత్రం ఏమీ కానట్టు నిలబడతారు. వాళ్లలో చాలామందికి విశాఖ నుంచి కావలసిన విమానం లేక రైల్లో హైదరాబాదో చెన్నయో వెళ్లి అక్కడ ఎక్కుతున్నారు. ఆ ప్రయాణం పలాస నుంచి రెండు గంటల దూరానికి తగ్గితే అంతకన్నా ఏం కావాలి? ఈ కుటుంబాల కోసం ఏడు సీట్ల బండ్లు మరికొన్ని తీసుకుంటున్నాం. ఇచ్ఛాపురం దాకా ఎక్కడి నుంచైనా సరే, మనుషుల్ని బట్టి కాదు, బండిని బట్టే రేటు.

ఇప్పుడు రోడ్డు సంగతి. నన్ను నిజంగా కలవరపెడుతున్నది ఇదే. మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, కొమ్మాది, ఆనందపురం, తగరపువలస. విశాఖ వాళ్లు భోగాపురం వెళ్లాలంటే హైవే మీద ఇవన్నీ దాటాలి. తెల్లవారుజామున నాలుగింటికైతే గంటలోపే చేరుస్తాం. సాయంత్రం ఆరింటికి హనుమంతవాక దగ్గర సిగ్నల్ రెండుసార్లు పడినా బండి కదలదు. మధురవాడ ఐటీ ఆఫీసులు వదిలే టైములో ఇంకా కష్టం. అందుకని సాయంత్రం విమానాలకు, రిపోర్టింగ్ టైముకి రెండున్నర గంటల ముందే ఇంటి దగ్గర బండి పెడతాం. "ఇంత ముందెందుకు" అని దయచేసి అనకండి. అనకాపల్లి, పరవాడ వైపు వాళ్లని ఊళ్లోకి రానివ్వకుండా సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం బైపాస్‌లో తీసుకెళ్తాం. టైము కలిసొస్తుంది.

హైదరాబాదులో ఏం జరిగిందో గుర్తున్నవాళ్లకి నా కలవరం అర్థమవుతుంది. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మాత్రం 2009 అక్టోబరుకి గానీ రాలేదు. ఏడాదిన్నర పాటు జనం కింద ట్రాఫిక్‌లోనే నలిగారు. ఎయిర్‌పోర్టు మెట్రో ఈ రోజుకీ లేదు. బెంగళూరులో అదే ఏడాది మే నెలలో దేవనహళ్లి తెరిచారు, అక్కడా ఇదే కథ. మన మెట్రో ప్రతిపాదనలో కూడా స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది దాకా మొదటి దశలో పెట్టి, కొమ్మాది నుంచి భోగాపురం ముక్కని రెండో దశకి నెట్టారు. విమానం ఎక్కేవాడికి అన్నిటికన్నా అవసరమైన ముక్క అదే.

మన విమానయాన విధానంలో ఇది ఎప్పటినుంచో ఉన్న లోటని నా అభిప్రాయం. 2016 పాలసీలో ఉడాన్ పథకం తెచ్చారు. గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలన్నారు, ఎయిర్‌లైన్స్‌కి వచ్చే లోటుని కొన్నేళ్లు ప్రభుత్వం పూడుస్తుందన్నారు. మంచి ఆలోచన. సామాన్యుణ్ణి విమానం ఎక్కించాలన్న కోరిక అందులో ఉంది. కానీ ఆ 2,500 టికెట్టు కొన్న మనిషి ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి చేరడానికి ఎంతవుతుందో ఆ లెక్కలో ఎక్కడా లేదు. గాజువాక వాడు బండికే 2,000 పెడితే వాడి టికెట్టు చవకైనట్టా?

టికెట్టు మీద పడే ఎయిర్‌పోర్టు ఫీజు గురించి కూడా కొందరు అడుగుతున్నారు. ప్రైవేటు సంస్థ కట్టిన పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఈ ఫీజుని ఏఈఆర్ఏ అనే నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. 2016 పాలసీ ప్రకారం షాపుల అద్దెలు, పార్కింగు, ప్రకటనలు లాంటి వాటి మీద వచ్చే ఆదాయంలో 30 శాతాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని ప్రయాణికుల ఫీజు తగ్గిస్తారు. మిగతాది నిర్వాహకులది. టాక్సీ కౌంటరు కోసం మాలాంటి వాళ్లు కట్టే లైసెన్సు ఫీజు కూడా ఇలాంటి ఆదాయమే. ఆ ఫీజు పెద్దదైతే కౌంటరు పెద్ద ఫ్లీట్ల చేతికే పోతుంది, దాని బరువు చివరికి మీ బిల్లులోకే వస్తుంది. భోగాపురం బిడ్డింగులో, ఈ ఎయిర్‌పోర్టు కట్టిన జీఎంఆర్ సంస్థ ఒక్కో దేశీయ ప్రయాణికుడికి 303 రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వానికి ఇస్తామని కోట్ చేసి గెలిచింది. రాష్ట్రానికి ముందుముందు వచ్చే ఆ డబ్బుని దృష్టిలో పెట్టుకుని మొదటి మూడేళ్లు ఆర్టీసీ ఎయిర్‌పోర్టు బస్సుల్ని చవగ్గా నడిపించమని మా టాక్సీవాళ్లమే అడుగుతున్నాం. బస్సులొస్తే మాకు కొన్ని ట్రిప్పులు పోతాయి, నిజమే. కానీ విమానం ఎక్కేవాళ్లు పెరిగితేనే మాకూ పని ఉంటుంది.

మేం కౌంటరు తీసుకోవడం లేదు. ఆ ఖర్చు మీ మీద వేయడం ఇష్టం లేక, ముందస్తు బుకింగులతోనే నడపాలని నిర్ణయించుకున్నాం. అంటే అక్కడ దిగాక అప్పటికప్పుడు మా బండి దొరకదు. విమానం ఎక్కేముందే చెప్పాలి.

మా డ్రైవర్లలో ఒకతనిది ఈ ఎయిర్‌పోర్టు కోసం ఖాళీ చేసిన ఊరే. జీడితోట, ఇల్లు పోయాయి, పునరావాస కాలనీలో ఉంటున్నాడు. పొలం ఉన్నప్పుడు ఏడాదికోసారైనా చేతిలో కాస్త సొమ్ము కనబడేదనీ, పరిహారం డబ్బు ఇల్లు కట్టడానికీ చెల్లెలి పెళ్లికీ అయిపోయిందనీ చెప్పాడు. భోగాపురం వైపు నుంచి మరికొంతమంది కుర్రాళ్లని తీసుకుంటున్నాం. లైసెన్సు, బ్యాడ్జి ఉంటే చాలు. భూములిచ్చిన కుటుంబాల వాళ్లకే మొదటి అవకాశం. మీకు తెలిసినవాళ్లుంటే పంపండి.

చివరిగా వెయిటింగు. 2025 డిసెంబరు మొదటి వారంలో పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారిన వేళ దేశమంతా ఇండిగో సంస్థ విమానాలు వేలల్లో రద్దయ్యాయి. ఆ సంస్థ ఒక్కటే దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా మోస్తోంది కాబట్టి అది ఆగితే జనానికి ఇంకో దారి లేకపోయింది. ప్రభుత్వం టికెట్ ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టాల్సొచ్చింది. ఆ రోజుల్లో మా బండ్లు గంటల తరబడి ఎయిర్‌పోర్టు బయట నిలబడ్డాయి, కస్టమర్లకీ డ్రైవర్లకీ మధ్య మాటా మాటా వచ్చింది. అందుకే ఇప్పుడు పద్ధతి ఒకటి పెట్టాం. విమానం దిగిన టైము నుంచి గంట వెయిటింగు ఉచితం, ఆ తర్వాత గంటకి 150. విమానం ఎంత లేటైనా ఆ లేటుకి మీ దగ్గర పైసా తీసుకోం. విమానం రద్దయితే, బండి బయల్దేరకముందు చెబితే అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాం. బయల్దేరాక అయితే డీజిలు వరకే పట్టుకుంటాం.

కొత్త రేట్లు భోగాపురం నుంచి ప్రయాణికుల విమానాలు మొదలైన రోజు నుంచే. అప్పటిదాకా పాత రేట్లే. ఇప్పటికే అడ్వాన్సు కట్టి, ఆ తర్వాతి తేదీలకి బుక్ చేసుకున్నవాళ్లకి పాత ఎయిర్‌పోర్టు రేటుకీ కొత్త రేటుకీ ఉన్న తేడాలో సగమే తీసుకుంటాం. మీ టికెట్టు మీద ఏ ఎయిర్‌పోర్టు పేరుందో ఒకసారి చూసుకుని, దాని ఫొటో మా బుకింగ్ నంబరుకి వాట్సాప్ చేయండి.