ఆదివారం పరుగు: అందరూ ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించి, చాలామందికి వణుకు కూడా వచ్చే మెదడు జబ్బు) ఉన్నవాళ్ల ఫిజియోథెరపీ ఖర్చుల కోసం మన పరుగు ఈ ఆదివారమే. ఉదయం 5:45కల్లా గేటు దగ్గర ఉండండి, 6కి బయల్దేరతాం. 5 కిలోమీటర్లు. నడిచినా పర్వాలేదు, టైమింగ్ ఎవరూ చూడరు.

పేరు ఇవ్వనివాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి, టీషర్ట్ సైజుతో సహా. (పోయినసారి అందరికీ ఒకటే సైజు వచ్చింది, తప్పు నాదే!)

ఒక్క ముఖ్యమైన మాట. ఈ జబ్బు ఉన్నవాళ్లూ మనతో నడుస్తారు. వాళ్లలో కొందరికి కాళ్లు ఉన్నట్టుండి నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. అప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, తొందరపెట్టొద్దు. పక్కన నిలబడి 'ఒకటి, రెండు' అని లెక్కపెట్టండి. చాలామందికి ఆ లయతో మళ్లీ అడుగు పడుతుంది.

వాళ్ల మాత్రలు టైముకి పడాలి, అందుకే ఆలస్యం వద్దు. నీళ్ల సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోండి.