డ్యూటీ మార్పిడి

చిన్నీ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా బాబుని చూసుకునే డ్యూటీని రెండేసి గంటల చొప్పున నీకూ అల్లుడికీ పంచి, ఎవరి వాటా ఎక్కడ తగ్గిందో ఎర్ర రంగులో లెక్క కూడా కట్టావు. అది చూడగానే నాకు పిట్టలు గుర్తొచ్చాయి. నాన్నకి ఇంకేం గుర్తొస్తాయిలే అనుకోకుండా కాస్త చదువు.

తీతువులు, ఉల్లంకి పిట్టలు, ఆ కుటుంబాల పక్షుల్లో చాలావాటికి ఆడా మగా ఇద్దరూ వంతులేసుకుని గుడ్లు పొదుగుతాయి. అప్పట్లో జర్మనీలో మాక్స్ ప్లాంక్ పక్షిశాస్త్ర సంస్థలో ఉన్న మార్టిన్ బుల్లా, ఇంకా బోలెడంత మంది కలిసి ఇలాంటి 32 జాతుల్లో 729 గూళ్ళను గమనించి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో ఎప్పుడు లేచారో లెక్క తీశారు. 2016లో నేచర్ పత్రికలో వచ్చింది. ఒంట్లో 24 గంటల గడియారం ఉంది కాబట్టి పగలు ఒకరు, రాత్రి ఒకరు అని పంచుకుంటాయనే కదా మనం అనుకునేది? చాలా జంటలు అలా లేవు. ఇద్దరి వంతూ అయ్యి మళ్ళీ మొదటికి రావడానికి కొన్నిటికి 6 గంటలు పడితే కొన్నిటికి 43 గంటలు. ఒకే జాతిలో కూడా జంటకీ జంటకీ పొంతన లేదు.

అలాస్కా ఉత్తరపు కొసన ఉత్కియాగ్విక్ అని ఒక ఊరుంది, పాత పేరు బారో. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటిదాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. పాతిక గ్రాముల బరువుండే శాండ్‌పైపర్లు (ఉల్లంకి పిట్టల్లో ఒక రకం) అక్కడ ఒక్కొక్కటీ దాదాపు పదకొండు గంటలు కదలకుండా గూట్లో కూర్చుంటాయి, ఆ పదకొండు గంటలూ రెండోది తిండి వెతుక్కుంటూ ఎక్కడో తిరుగుతుంది. (అదే ఊళ్ళో ఇంకో రకం శాండ్‌పైపర్ ఉంది, దాని మగది గుడ్ల జోలికే రాదు. ఆడవాటి వెంటపడటం కోసం నిద్ర మానేస్తుంది, ఒకటైతే 19 రోజుల్లో 95 శాతానికి పైగా సమయం మెలకువగానే ఉందట. మన అల్లుడు నయం కదూ!)

అసలు సంగతి ఇక్కడుంది. వంతు ఎంత పొడుగుండాలో ఆకలిని బట్టి ఉంటుందేమోనని చూస్తే ఆ ఆధారం దొరకలేదు. శత్రువుని తరిమికొట్టే జాతుల్లో వంతులు పొట్టిగా ఉన్నాయి, నేలలో కలిసిపోయి దాక్కునే జాతుల్లో పొడుగ్గా ఉన్నాయి. దాక్కున్నవాళ్ళు మాటిమాటికీ మారుతుంటే నక్క కంట పడతారని కాబోలు.

మన చెరువు వెనక బీడులో తీతువుల జంట ఉంది. రాత్రి కూస్తే అశుభమని మీ నానమ్మ తిట్టేది చూడు, ఆ పిట్టే. గూడంటే ఏమీ లేదు, రాళ్ళ మధ్య రాళ్ళలాంటి నాలుగు గుడ్లు. ఎండాకాలం నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. డ్యూటీ మారేటప్పుడు వచ్చేది నేరుగా రాదు, నాలుగడుగులు వేసి ఆగుతుంది, ఎటో చూస్తుంది, మళ్ళీ నాలుగడుగులు. కూర్చున్నది అప్పుడు లేచి చప్పుడు లేకుండా జారుకుంటుంది.

మీరేమో రెండు గంటలకోసారి లైటు వేసి, తలుపు చప్పుడు చేసి, "ఎన్ని పాలు తాగాడు, డైపర్ మార్చావా" అని మాట్లాడుకుని వాణ్ణి లేపుతున్నారు. వాడికింకా రెండు నెలలే, పగలూ రాత్రీ తేడా కుదరడానికి ఇంకా టైం పడుతుంది, ఆ టెన్షన్ ఇప్పుడే వద్దు. కానీ మీ ఇద్దరి గడియారాలూ పాడవుతున్నాయి, రెండు గంటల నిద్ర నిద్రే కాదు. ఎలాగూ పాలు పిండి ఫ్రిజ్‌లో పెడుతున్నావు కాబట్టి పదింటి నుంచి మూడింటి దాకా అల్లుడే చూసుకోనీ, నువ్వు ఇంకో గదిలో పడుకో, మధ్యలో పాలు పిండాల్సి వస్తే లేచి పిండేసి మళ్ళీ పడుకో. మూడు తర్వాత నీ వంతు. నిమిషాలు సమానం కాకపోయినా కొంపలేం మునిగిపోవు. అది కుదరకపోతే ఇంకోటి చూడండి, పక్క ఫ్లాట్ వాళ్ళు ఎలా పంచుకున్నారో మాత్రం అడక్కు.

అమ్మా నేనూ ఆదివారం రైలెక్కుతున్నాం. నాకెలాగూ మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది, ఉన్నన్నాళ్ళూ నీ మూడు తర్వాత డ్యూటీ నాకు రాసేయ్. పాల సీసాలు ఎక్కడ పెడతావో, వేడి ఎంత ఉండాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు, ఆ టైంలో నిన్ను లేపి అడగను.

నాన్న