రెండో టీచరు కాగితం మీదే ఉన్నారు

సంపాదకుల వారికి,

సర్కారు బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారని పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ తప్పంతా తల్లిదండ్రుల ప్రైవేటు మోజుదేనని తేల్చేసిన ఆ ముక్క మాత్రం మింగుడు పడటం లేదు.

మా పాప మూడో తరగతి, సర్కారు బడిలోనే. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులకూ ఒక్కరే టీచరమ్మ. రెండో మాస్టారు డిప్యుటేషన్ మీద, అంటే పోస్టు ఇక్కడే ఉంచి వేరే చోట పనికి, వెళ్లి రెండేళ్లయింది. పేరు మాత్రం ఇక్కడే ఉంది కాబట్టి కాగితం మీద ఖాళీ లేదు! పిల్లలు అరవై మంది లోపే ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాల్సిందేనని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా 2024-25 కేంద్రం లెక్కల్లోనే దేశం మొత్తం మీద లక్షకు పైగా ఏకోపాధ్యాయ బడులున్నాయి. అందులో మన ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఎవరూ సన్మానం పెట్టుకోలేదెందుకో.

మొన్న పాపకు మందు ఇవ్వడానికి మధ్యాహ్నం బడికి వెళ్లాను. టీచరమ్మ వరండా చివర ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం నిలబడి ఉంది. భోజనాల లెక్క యాప్‌లో ఎక్కడం లేదట. లోపల నల్లబల్ల మీద తీసివేత లెక్క, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చే చోట ఆగిపోయి ఉంది. ఆ అప్పేదో రాత్రి ఇంట్లో నేనే తీర్చాను. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు వేరే పనులు చెప్పకూడదని అదే చట్టం 27వ సెక్షన్. యాప్‌ల పని విపత్తు కిందికి వస్తుంది కాబోలు.

నేను బడి కమిటీ సభ్యుణ్ని కూడా. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలట. ఉన్నాం. రాసి ఉంచిన తీర్మానాల కింద సంతకాలు పెడుతున్నాం. మేమే రాసింది ఒక్కటి, రెండో టీచరు కావాలని. మూడుసార్లు పంపాం. పిల్లల సంఖ్య చాలదని జవాబు. చెప్పేవాళ్లు లేకే కదయ్యా పిల్లలు వెళ్లిపోయింది!

ఈ జవాబులు రాసే సార్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారని అడిగితే కోపాలొస్తాయి. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు తమ పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక బడికే పంపేలా చూడమని 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి చెప్పింది. పదేళ్లు దాటింది. ఇప్పటికీ ఏ కలెక్టరో తన బిడ్డను సర్కారు బడిలో చేర్పిస్తే మీకు అది ఫొటోతో సహా వార్తే.

కొత్త పథకాలు, గోడలకు కొత్త రంగులు మేం అడగలేదు. డిప్యుటేషన్లు రద్దు చేసి ఎవరి బడికి వాళ్లను పంపండి. లెక్కలు ఎక్కించే పనికి నాలుగైదు బడులకు కలిపి ఒక గుమాస్తాను వేయండి. వచ్చే జూన్‌కి రెండో టీచరు రాకపోతే పాప టీసీ నేనూ తీసుకుంటాను. అప్పుడు నన్ను కూడా ప్రైవేటు మోజు ఖాతాలో రాసుకోండి.

— ఒక బడి కమిటీ సభ్యుడు