టెఫ్ నేర్పిస్తామని డబ్బు తీసుకుని డెల్ఫ్ చెప్పారు: మీ ఫ్రెంచ్ కోర్సుపై నా ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: వన్-టు-వన్ టెఫ్ కెనడా (కెనడా వలసకి రాసే ఫ్రెంచ్ పరీక్ష) కోర్సులో చెప్పకుండా ట్యూటర్‌ని, సిలబస్‌ని మార్చడం, అనుమతి లేకుండా నా ఫోటో వాడడం, రిఫండ్ కోసం.

అయ్యా/అమ్మా,

ఇదంతా మీ చాట్ సపోర్ట్‌కి ముక్కలు ముక్కలుగా చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒక మెసేజ్, దాని కిందే ఐదు స్టార్లు ఇమ్మని ఇంకో మెసేజ్ వచ్చాయి. అందుకని ఈసారి మొత్తం ఒకేచోట రాస్తున్నాను. ముందుగా ఒక మాట. ఇది మీ ట్యూటర్ల మీద ఫిర్యాదు కాదు. నాకు పాఠం చెప్పిన ఇద్దరూ తమకు అప్పగించిన పని శ్రద్ధగానే చేశారు. ఎవరికి ఏం అప్పగిస్తున్నారో చూసుకోని మీ మేనేజ్‌మెంట్ మీదే నా ఫిర్యాదు అంతా.

నేను హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తున్నాను. మా ఆయనా నేనూ కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి (పాయింట్ల లెక్కన శాశ్వత నివాసానికి ఎంపిక చేసే పద్ధతి) ప్రొఫైల్ పెట్టుకున్నాం. ఆ సంగతి తెలిశాకే మీ కౌన్సెలర్ నాకు డెమో ఇచ్చారు. స్క్రీన్ మీద డ్రాల (పాయింట్లను బట్టి అభ్యర్థుల్ని పిలిచే విడతల) పట్టిక పెట్టి, 2024 ఫిబ్రవరి చివర్లో ఫ్రెంచ్ వచ్చినవాళ్ల డ్రా కటాఫ్ 336 అనీ, 2025 మార్చిలో 379 అనీ చూపించారు. కెనడాలో పనిచేస్తున్నవాళ్లకి పెట్టే డ్రాలే 500 దాటుతున్నాయని, 2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్ పాయింట్లు కూడా తీసేశారని, "ఇక మీకు మిగిలిన దారి ఫ్రెంచే మేడమ్" అని తేల్చారు. ఆ అంకెలతో నాకు పేచీ లేదు. తర్వాత కెనడా ఇమిగ్రేషన్ సైట్‌లో చూసుకున్నాను, సరిగ్గానే ఉన్నాయి. ఫ్రెంచ్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ (కెనడా వాళ్ల ఫ్రెంచ్ స్థాయి కొలత) 7 రావాలనీ, ఒక్కదాంట్లో 6 వచ్చినా ఆ కేటగిరీకి పనికిరామనీ ఆయనే చెప్పారు. అంటే నాకు ఏ పరీక్ష కావాలో, ఎందుకు కావాలో మీకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఇన్వాయిస్ మీద కూడా "టెఫ్ కెనడా, వన్-టు-వన్, 72 గంటలు" అని స్పష్టంగా ఉంది. ఫీజు 54,000 రూపాయలు.

"జీరో నుంచి ఆరు నెలల్లో ఎన్‌సీఎల్‌సీ 7 గ్యారంటీ" అన్న మీ ప్రకటన గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వారానికి మూడు గంటల చొప్పున ఆరు నెలలకి 72 గంటలవుతాయి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి ఫ్రెంచ్ నేర్పడానికి 600 నుంచి 750 గంటల క్లాసు లెక్కేస్తుంది, అదీ ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకి. ఈ లెక్క మీ అకడమిక్ టీమ్‌కి తెలియదంటే నేను నమ్మను. నా వరకు నేను జీరో కాదు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచే. (అది మార్కుల కోసం తీసుకునే ఫ్రెంచ్ అని ఇక్కడ అందరికీ తెలిసిందే. పేపర్ నిండా మార్కులొస్తాయి, నోట్లోంచి ఒక్క వాక్యం రాదు.) తర్వాత వీకెండ్ క్లాసులకి వెళ్లి ఏ2 (రెండో మెట్టు) వరకు పూర్తి చేశాను. నాకు కావలసింది అక్కడి నుంచి పరీక్షకి తీసుకెళ్లే మనిషి.

ఆ మనిషిని మీరు మొదట్లో ఇచ్చారు కూడా. పుదుచ్చేరి ఆవిడ. ఆవిడ క్లాసుల గురించి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీరు ఏం తీసేశారో మీకు తెలియాలి.

టెఫ్ మాట్లాడే పరీక్ష పదిహేను నిమిషాలు, రెండు భాగాలు. మొదటి భాగంలో ఒక ప్రకటన ఇస్తారు, ఫోన్ చేసినట్టుగా దాని గురించి వివరాలు అడగాలి. ఆవిడ ప్రతి క్లాసుకీ ఒక ప్రకటన పట్టుకొచ్చేవారు: లియోన్‌లో అద్దెకి గది, పిల్లల వేసవి శిబిరం, అమ్మకానికి పాత పియానో. మొదట్లో నేను అద్దె ఎంత, ఖాళీ ఎప్పుడు అని రెండు ప్రశ్నలడిగి ఆగిపోయేదాన్ని. "ఇల్లు చూడడానికి మీ అమ్మగారిని తీసుకెళ్తే ఇంకేం అడుగుతారు?" అనేవారు. అంతే, నీళ్ల టైమింగ్, కరెంటు బిల్లు, పార్కింగ్, పక్కవాటా వాళ్లు ఎలాంటివాళ్లు, చుట్టాలొస్తే అభ్యంతరమా, అడ్వాన్స్ తిరిగిస్తారా అని ఒకదాని వెనక ఒకటి ప్రశ్నలు వచ్చేవి. వాటిని ఫ్రెంచ్‌లో ఎలా అడగాలో ఆవిడ సరిదిద్దేవారు. రెండో భాగంలో స్నేహితుణ్ణి ఒక పనికి ఒప్పించాలి. అందులో ఆవిడే స్నేహితురాలు. కొత్త అల్లుడి అలకలా ఏది చెప్పినా ఓ వంక పెట్టేవారు: మోకాలు నొప్పి, డబ్బుల్లేవు, మా పిల్లి ఒంటరైపోతుంది. పరీక్షలో ఎగ్జామినర్ కూడా సరిగ్గా అలాగే అడ్డం తిరుగుతారట. మొదటి భాగంలో 'వూ', రెండో భాగంలో 'తు' అనాలి. మనకి మీరు, నువ్వు పుట్టినప్పటి నుంచీ ఉన్నవే కాబట్టి అది తొందరగానే వచ్చింది.

రానిదల్లా చెవికి సంబంధించింది. ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికే వేఁ, వాఁ, వోఁ మూడూ నాకు ఒకటే మోత. ఫోన్ నంబర్లు రెండేసి అంకెలుగా చెప్తారు కదా, 97 అనడానికి నాలుగు ఇరవైలు, పది, ఏడు అంటారు. అది విని నేను 80 రాసేలోపు మిగతా నంబరు వెళ్లిపోయేది. టెఫ్‌లో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, నలభై ప్రశ్నలకి నలభై నిమిషాలు. అందుకే ఆవిడ ఆర్‌ఎఫ్‌ఐ రేడియోలో వచ్చే పది నిమిషాల తేలిక ఫ్రెంచ్ వార్తలు పెట్టి, పాజ్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. "అర్థం కానిదాన్ని వదిలెయ్యండి, తర్వాతి వాక్యం పట్టుకోండి" అనేవారు. నెలన్నర గడిచేసరికి ఆఫీసుకి వెళ్తూ మెట్రోలో అవే వార్తలు వింటుంటే సగం పైనే అందేవి. మీ యాప్‌లో నా లిజనింగ్ స్కోరు గ్రాఫ్ ఉంది, చూడండి. ఆవిడ ఉన్నన్నాళ్లూ అది పైకే వెళ్లింది.

ఒక రాత్రి పదకొండు తర్వాత నోటిఫికేషన్ వచ్చింది: "మీ లెర్నింగ్ జర్నీని మరింత మెరుగుపరచడానికి కొత్త మెంటర్‌ని కేటాయించాం." కారణం అడిగితే ఒకరు ఆవిడకి ఒంట్లో బాగాలేదన్నారు, ఇంకొకరు మానేశారన్నారు, మూడో ఆయన స్లాట్ల సర్దుబాటు అన్నారు. చివరి క్లాసులో ఆవిడ నాకు వచ్చే వారానికి హోంవర్క్ ఇచ్చారు. వెళ్లిపోతున్నానని తెలిసిన మనిషి హోంవర్క్ ఇవ్వరు. ఆవిడకి మీరు గంటకి ఎంత ఇచ్చేవారో, ఎందుకు దూరమయ్యారో నేను అడగను. కానీ నేను డబ్బు కట్టిన కోర్సు ఎవరు చెప్తారన్నది నాకు ముందుగా చెప్పడం మీ బాధ్యత.

కొత్త క్లాసులో లాగిన్ అయ్యేసరికి తెర మీద ఇంకో ఇద్దరున్నారు. ఒకరు ఇంటర్ రెండో ఏడాది కుర్రాడు, అతనికి సెకండ్ లాంగ్వేజ్ పేపర్‌లో మార్కులు కావాలి. ఇంకొకరు ఫ్రెంచ్ వాయిస్ ప్రాసెస్‌లో ఉద్యోగం కోసం చూస్తున్న అమ్మాయి, కస్టమర్‌తో ఫోన్‌లో మాట్లాడడం రావాలి. మూడోదాన్ని నేను. ముగ్గురికీ కలిపి ఒక ట్యూటర్, ఒకటే పీడీఎఫ్. వన్-టు-వన్ అంటే మీ దృష్టిలో ఇదేనా? ఆ కుర్రాడి క్రియారూపాల పట్టికలకే క్లాసులో సగం అయిపోయేది. పాపం, అతన్నీ అనడానికి లేదు, అతనికి పరీక్షలు దగ్గర పడ్డాయి.

ఆ పీడీఎఫ్ డెల్ఫ్ అనే వేరే ఫ్రెంచ్ పరీక్షలో బీ2 (ఏ2 కన్నా రెండు మెట్లు పైది) కోసం తయారుచేసింది. "రెండూ ఫ్రెంచే కదా మేడమ్, రెండూ బీ2 లెవెలే కదా" అని మీ మేనేజర్ ఫోన్‌లో అన్నారు కాబట్టి ఇది వివరంగా చెప్పక తప్పదు. డెల్ఫ్ ఒక డిప్లొమా, జీవితాంతం చెల్లుతుంది, మంచి పరీక్షే. కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి కెనడా ఒప్పుకునేవి టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా రెండే. డెల్ఫ్‌లో నూటికి నూరు వచ్చినా నా ప్రొఫైల్‌లో ఒక్క పాయింటు కలవదు. పరీక్ష పద్ధతి కూడా వేరు. డెల్ఫ్ బీ2 మాట్లాడే భాగంలో ఒక కాగితం ఇచ్చి, అరగంట ఆలోచించుకోనిచ్చి, ఆ తర్వాత మాట్లాడమంటారు. టెఫ్‌లో ఆ అరగంట ఉండదు. డెల్ఫ్‌లో 250 పదాల వ్యాసమో ఉత్తరమో ఒక్కటి రాస్తే చాలు. టెఫ్‌లో అదే గంటలో రెండు రాయాలి: మొదలుపెట్టి వదిలేసిన ఒక వార్తని కనీసం 80 పదాల్లో కొనసాగించాలి, ఒక అభిప్రాయం మీద పత్రికకి కనీసం 200 పదాల్లో ఉత్తరం రాయాలి. మీ కొత్త క్లాసుల్లో నేను ఒక్క వార్త కూడా కొనసాగించలేదు. ఎవరూ రాయమని అడగలేదు. చివరికి నేనే ట్యూటర్‌ని అడిగితే ఆయన దాచకుండా చెప్పారు: "నాకు ఇచ్చింది డెల్ఫ్ ప్లాన్. మీది టెఫ్ అని నాకెవరూ చెప్పలేదు." ఆ రికార్డింగ్ మీ సర్వర్‌లోనే ఉంది.

సమయం పోతే ఏమవుతుందో కూడా రాస్తాను. నాకు త్వరలో 30 నిండుతాయి. ఆ రోజున నా వయసు పాయింట్లు 100 నుంచి 95కి పడిపోతాయి, ఆ తర్వాత ఏటా ఇంకా తగ్గుతాయి. మీ కౌన్సెలర్ డెమోలో ఈ పట్టిక కూడా చూపించి, తొందరగా చేరమన్నారు. చేర్చుకునేటప్పుడు ఉన్న తొందర చేరాక ఎటు పోయింది?

ఇక రిఫండ్. 25 శాతం "యూసేజ్" దాటితే డబ్బు తిరిగి ఇవ్వలేమని మీ జవాబు. ఆ యూసేజ్‌లో ట్యూటర్ రాని క్లాసులు, మీ వైపు లింక్ పని చేయని క్లాసులు కూడా కలిపేశారు. మీరు ఫైనాన్స్ కంపెనీ ద్వారా ఇప్పించిన "నో కాస్ట్" ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తేదీన ఠంచనుగా కట్ అవుతోంది. ఆ టెన్షన్ ఒక్కటి మాత్రం ఏ నెలా మిస్ కాలేదు.

ఇంతటితో అయిపోయిందనుకుంటే, మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో నా ఫోటో పెట్టి "బీ2 సాధించిన మా విద్యార్థిని" అని రాశారు. నేను టెఫ్ రాయలేదు, డెల్ఫూ రాయలేదు. మీ యాప్‌లో ఒక మాక్ టెస్ట్ పూర్తి చేశాను, అంతే. దానికి మీ ముద్ర వేసి "బీ2 కంప్లీటెడ్" అని సర్టిఫికెట్ కూడా పంపారు. బీ2 అని చెప్పాల్సింది గుర్తింపు ఉన్న పరీక్ష, కోర్సు అమ్మిన కంపెనీ కాదు. ఆ పోస్ట్ చూసి మా పెద్దమ్మ ఫోన్ చేసి "కెనడా ప్రయాణం ఎప్పుడమ్మా?" అని అడిగారు. ఆఫీసులో మా మేనేజర్ కూడా అదే అడిగారు, ఆయన అంత ఆప్యాయంగా అడగలేదు. నేను వెళ్లే ప్రయత్నంలో ఉన్నానని అప్పటిదాకా ఆఫీసులో ఎవరికీ తెలియదు. దీనివల్ల నాకు జరిగిన నష్టానికి రిఫండ్ సరిపోదు.

కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా, అదీ విజయం సాధించాక తీసుకున్న అనుమతి లేకుండా, పేరూ ఫోటో ప్రచారానికి వాడకూడదని వాటిలో ఉంది. చెప్పిన సేవ చెప్పినట్టు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవా లోపం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

నేను అడిగేది మరీ ఎక్కువేమీ కాదు. మొదటి ట్యూటర్ చెప్పిన క్లాసుల ఫీజు మీరే ఉంచుకోండి, ఆ గంటలు నాకు పనికొచ్చాయి. ఆవిడ వెళ్లాక నడిచినవి, నడవనివి, మిగిలినవి అన్నీ కలిపి గంటకి 750 రూపాయల చొప్పున తిరిగి ఇవ్వండి. ఫైనాన్స్ కంపెనీకి మీరే రాసి లోన్ మూయించండి. బకాయి పేరుతో నా క్రెడిట్ స్కోర్ మీద మచ్చ పడితే దానికీ మీదే బాధ్యత. నా ఫోటో ఉన్న పోస్ట్‌ని ఈ ఈమెయిల్ చదివిన రోజే తీసేయండి, మిగతావాటితో దాన్ని ముడిపెట్టొద్దు. ఇంకో ట్యూటర్‌ని ఇస్తామనీ, కోర్సు మూడు నెలలు పొడిగిస్తామనీ మాత్రం చెప్పకండి. నేను వేరేచోట టెఫ్ క్లాసులో చేరిపోయాను.

గడువులోగా పరిష్కారం రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉన్నా నేను ఉండే జిల్లాలోనే కేసు వేసే వీలు ఆ చట్టంలో ఉంది. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

ఇన్వాయిస్, కౌన్సెలర్ పంపిన బ్రోచర్, ట్యూటర్ మార్పు నోటిఫికేషన్, యాప్‌లోని క్లాసుల చరిత్ర, చాట్ సంభాషణలు, ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్ స్క్రీన్‌షాట్ జతచేశాను. దయచేసి ఫోన్ చేయొద్దు. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత చాట్‌లో కనబడడం లేదు. ఈ ఈమెయిల్‌కే రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
మీ టెఫ్ కెనడా కోర్సు విద్యార్థిని
(ఎన్‌రోల్‌మెంట్ నంబరు జతచేసిన ఇన్వాయిస్‌లో ఉంది)