సర్పి టీకా వేయించుకోమన్నారు సరే, ఆ తర్వాత సంగతి?

సంపాదకుడు గారికి,

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో పదిరోజుల కిందట సర్పి (షింగిల్స్, అంటే ఒంటికి ఒక పక్కన మంటతో పొక్కులు లేచే జబ్బు) టీకా గురించి వచ్చిన వార్త చదివాను. ఆరోజే రాయబోతే, కోపం తగ్గాక రాయమని మా వారు ఆపారు. తగ్గకపోగా పెరిగింది. ఇక ఆగలేక రాస్తున్నాను.

సూది పట్టుకుని నవ్వుతున్న డాక్టరు ఫొటోకు అంత చోటిచ్చారు, టీకా ధర ఎంతో చెప్పడానికి చోటు లేకపోయింది. రెండు డోసులన్న సంగతి చివర్లో ఎక్కడో ఉంది. వేయించుకున్నాక ఎలా ఉంటుందన్నదానికి 'స్వల్పంగా జ్వరం రావచ్చు' అని సరిపెట్టారు. నేను ఈ వేసవిలోనే మొదటి డోసు వేయించుకున్నాను. ఆ స్వల్పం ఏపాటిదో నాకు తెలుసు.

ముందే చెబుతున్నాను, టీకా వద్దనే మనిషిని కాను. మా ఎదురింటి అక్కయ్య గారికి ఆమధ్య నడుం చుట్టూ ఒక పక్కన సర్పి లేచింది. ఎర్రమన్ను పూయమని ఒకరు, మంత్రం వేయించమని ఒకరు చెప్పడంతోనే రోజులు గడిచిపోయాయి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మంచిదని ఆవిడకు చెప్పిన నాథుడు లేడు. పొక్కులు మాడాయి గానీ మంట పోలేదు. లంగా బొందు తగిలినా విలవిల్లాడేవారు. నెలల తరబడి వదులు నైటీతో, వీధిలోకి రాకుండా గడిపారు. చిన్నప్పుడు ఆటలమ్మ (చికెన్‌పాక్స్) పోసిన వాళ్ల నరాల్లో ఆ వైరస్ అలాగే దాగి ఉంటుందట, వయసు మీదపడి ఒంట్లో శక్తి తగ్గగానే ఇలా బయటపడుతుందట. షింగ్రిక్స్ అనే ఈ టీకా మన దేశంలోకి వచ్చింది 2023లో. యాభై దాటిన వాళ్ల మీద జరిపిన పరీక్షల్లో 90 శాతానికి పైగా రక్షణ ఇచ్చిందని చదివే వేయించుకున్నాను. మీ పాఠకులూ వేయించుకోవాలనే నా కోరిక. నా పేచీ అది కాదు.

మా గుంటూరు బ్రాడీపేటలో నేను అడిగిన క్లినిక్కుల్లో ఎక్కడా నిల్వ లేదు. మందుల షాపు వాళ్లు ఆర్డరు పెట్టి తెప్పించారు. రెండు డోసులకూ కలిపి ఇరవై వేల పైమాటే. పెన్షన్ మీద బతికేవాళ్లకు అది ఎంత డబ్బో వేరే చెప్పాలా? దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. అలాంటిదాన్ని షాపు కుర్రాడు ఐసు ముక్కలు పోసిన పాలిథిన్ కవర్లో పడేసి, "తొందరగా వెళ్లిపోండి ఆంటీ" అన్నాడు. ఎప్పుడూ ట్రాఫిక్‌తో కిక్కిరిసే శంకర్ విలాస్ దగ్గర తొందరగా వెళ్లడమంటే ఏమిటో గుంటూరు వాళ్లను అడగండి! గట్టిగా మాట్లాడితే లోపల్నుంచి థర్మాకోల్ పెట్టె బయటికొచ్చింది. పెళ్లి భోజనాల్లో ఐస్‌క్రీముకు కూడా ఇంతకంటే జాగ్రత్త తీసుకుంటారు.

క్లినిక్కులో నర్సు పొడి ఉన్న సీసాలో మందునీళ్లు కలిపి, కుడి జబ్బకు సూది వేసి, దూది అద్ది పంపేసింది. ఏ చేత్తో పని చేసుకుంటారని కూడా అడగలేదు. కోవిడ్ రోజుల్లో సచివాలయంలో ఉచితంగా వేసి, అరగంట కూర్చోబెట్టి, జ్వరం వస్తే వేసుకోమని బిళ్లలు చేతిలో పెట్టి పంపింది మా ఏఎన్ఎం అమ్మాయి. ఇక్కడ వేలు పోసినా ఆ పాటి మాట కరువైంది.

ఆ రాత్రి, గుంటూరు ఎండల్లో, రెండు దుప్పట్లు కప్పుకుని పళ్లు టకటకా కొట్టుకునేలా వణికిపోయాను. ఒళ్లంతా ఎవరో చితకబాదినట్టు నొప్పులు. తెల్లారి జడ వేసుకుందామంటే చెయ్యి భుజం దాటి లేవలేదు. క్లినిక్కుకు ఫోన్ చేస్తే, "సారు ఓపీలో ఉన్నారు, ఎమర్జెన్సీ ఉన్న చోటికి వెళ్లండి" అని పెట్టేశారు. మా వారు టెన్షన్ పడి వేరే ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడి కుర్ర డాక్టరు డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలన్నీ రాసి, సెలైన్ పెడదామన్నాడు. నిన్ననే సర్పి టీకా వేయించుకున్నాను బాబూ అంటే, "దానికి టీకా ఉందా అమ్మా?" అని నన్నే అడిగాడు! లేచి ఇంటికొచ్చేశాం.

తగ్గింది దేనితోనంటే, పారాసిటమాల్, మంచినీళ్లు, మజ్జిగ, సూది వేసిన చోట చల్లటి తడిగుడ్డ. చెయ్యి బిగుసుకుపోకుండా మెల్లగా ఆడిస్తూ ఉన్నాను. రెండు మూడు రోజుల్లో దానంతటదే పోయే బాధ ఇది. ఈ టీకా వేయించుకున్న ఆరుగురిలో ఒకరికి రోజువారీ పనులు చేసుకోలేనంతగా ఉండొచ్చని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తమ జనానికి ముందే చెబుతుంది. మనవాళ్లు చెప్పరు, చెబితే వేయించుకోరని భయం కాబోలు. మాతో వాకింగ్‌కు వచ్చే ఆవిడ మొదటి డోసు జ్వరానికే హడలిపోయి రెండోది మానేశారు. 2 నుంచి 6 నెలల మధ్య పడాల్సిన రెండో సూది పడకపోతే మొదటిదానికి పెట్టిన డబ్బుకు పూర్తి ఫలం దక్కనట్టే కదా.

ఇక ప్రభుత్వం సంగతి. పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడిగితే, టీకాలు పిల్లలకూ గర్భిణులకూ మాత్రమే అన్నారు. 70 దాటిన వాళ్లకు ఆయుష్మాన్ కార్డు అని ఊదరగొట్టారు, ఆ 5 లక్షల ఉచిత వైద్యం మంచాన పడి ఆస్పత్రిలో చేరితేనే. మంచాన పడకుండా వేసుకునే సూదికి పైసా రాదు. మా అబ్బాయి ఉండే ఇంగ్లండులో 2023 సెప్టెంబరు నుంచి కొత్తగా 65 నిండిన వాళ్లకు కూడా సర్కారే ఉచితంగా వేస్తోంది. అంత అదృష్టం మనకెక్కడిది! మందు గానీ టీకా గానీ వికటిస్తే చెప్పుకోవడానికి 1800-180-3024 అని కేంద్రం టోల్ ఫ్రీ నంబరు పెట్టిన సంగతి ఎంతమందికి తెలుసు? నేను ఏ క్లినిక్కు గోడ మీదా చూడలేదు. గోడలన్నీ మోకీళ్ల ఆపరేషన్లు, సంతాన సాఫల్యం బోర్డులే. గుంటూరు డాక్టర్ల ఊరని చుట్టుపక్కల జిల్లాల నుంచి వస్తారు. కొత్తపేటలో అడుగుకో ఆస్పత్రి ఉంది, రోగితో రెండు నిమిషాలు మాట్లాడే తీరికే ఎవరికీ లేదు.

టీకా ధర, రెండో డోసు గడువు, జ్వరమూ వణుకూ వస్తే ఏం చేయాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలో, ఆ టోల్ ఫ్రీ నంబరు, ఇవన్నీ తెలుగులో రాసిన ఒక కాగితం సూదితో పాటు ఇవ్వాలని జిల్లా వైద్యాధికారి గారు ఆదేశిస్తే ఎవరి సొమ్మూ పోదు. నాకు వచ్చే నెలలో రెండో డోసు ఉంది. ఇంట్లో పెళ్లి అయ్యాక, ఎడమ చేతికి వేయించుకుంటాను. ఆలోపు ఆ కాగితం అచ్చయితే నాకూ ఒకటి ఇవ్వమనండి.

– విశ్రాంత లెక్కల టీచరు, బ్రాడీపేట, గుంటూరు