క్రీడా విభాగం వార్షిక నివేదిక: పికిల్‌బాల్ డ్రాప్-ఇన్ ఆటలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

పండుగ వేడుకల గురించి, తెలుగు బడి గురించి ఆయా విభాగాలు విడిగా నివేదించాయి కనుక మేము ఒక్క విషయానికే పరిమితమవుతున్నాము. సియాటిల్‌కు తూర్పున బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ పరిసరాల్లో ఉంటున్న మన సభ్యులు ముందుగా జట్టు కూర్చుకోకుండా నేరుగా వెళ్లి ఆడుకోగల పికిల్‌బాల్ వేళలను కనుక్కోవడానికి ఈ ఏడాది విభాగం ఏం చేసిందో ఇందులో వివరిస్తున్నాము.

ప్యాడిల్ అనే చిన్న బ్యాటుతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో వల మీదుగా ఆడే ఈ ఆట పుట్టిల్లు మనకు ఫెర్రీ ప్రయాణమంత దూరంలో ఉన్న బెయిన్‌బ్రిడ్జ్ దీవి. 1965 వేసవిలో జోయెల్ ప్రిచర్డ్, ఆయన మిత్రులు బిల్ బెల్, బార్నీ మెకల్లమ్ అక్కడి ఒక పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద దీన్ని రూపొందించారు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రం దీన్ని అధికారిక క్రీడగా ప్రకటించింది. కోర్టు కొలత నేటికీ బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టుదే, అంటే 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. బ్యాడ్మింటన్ గీతలున్న జిమ్‌లో వల దించుకుంటే ఆట మొదలుపెట్టవచ్చు. అయితే అదే జిమ్ బ్యాడ్మింటన్‌కూ, బాస్కెట్‌బాల్‌కూ, సెలవుల్లో పిల్లల శిబిరాలకూ కావాలి. డ్రాప్-ఇన్ వేళలు తరచూ మారిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

వేసవిలో పార్కుల కోర్టుల్లోనూ ఆడుకోవచ్చు కనుక అంత చిక్కు లేదు. అక్టోబరులో వానలు మొదలై, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడేసరికి అందరూ కమ్యూనిటీ సెంటర్ల జిమ్‌ల కోసమే చూస్తారు. శరదృతువులో ఒక గురువారం నలుగురు సభ్యులు ప్రకటించిన వేళకే ఒక సెంటరుకు వెళ్లగా, అక్కడ పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. వేళ మారిందని ఎవరూ ఎక్కడా రాయలేదు. ఆ తరువాత ప్రతి శుక్రవారం ఒక కార్యకర్త సెంటర్లకు స్వయంగా ఫోన్ చేసి వేళ, రుసుము, కోర్టుల సంఖ్య, ఏ స్థాయి వారికి ఉద్దేశించినదీ కనుక్కొని వాట్సాప్ బృందంలో పెట్టడం మొదలుపెట్టాము. చెప్పుకోవడానికి చిన్న పనే గానీ ఈ ఏడాది సభ్యులకు ఎక్కువగా అక్కరకు వచ్చింది ఇదేనని మా అభిప్రాయం.

వేళ తెలిసినంత మాత్రాన ఆట దొరకదని కూడా తెలిసివచ్చింది. కొడుకు దగ్గరకు ఆరు నెలల కోసం వచ్చిన ఒక పెద్దావిడ చీర మీద స్వెటరు, కాళ్లకు కొత్త బూట్లు వేసుకొని జిమ్‌కు వెళ్లి, ప్యాడిల్ ఒళ్లో పెట్టుకొని దాదాపు ముప్పావు గంట బెంచీ మీద కూర్చున్నారు. “ఎవరైనా పిలుస్తారేమోనని చూశాను బాబూ” అన్నారు. గోడకున్న స్టాండులో ప్యాడిల్ పెడితేనే మన వంతు వస్తుందని ఆమెకు చెప్పినవారు లేరు. నాలుగేసి ప్యాడిళ్ల చొప్పున వరుస కదులుతుంది, 11 పాయింట్ల ఆట ముగియగానే తరువాతి నలుగురు దిగుతారు. ఇప్పుడు కొత్తవారి వెంట మొదటిసారి ఒక పాత సభ్యుడు వెళ్తున్నారు. వలకు ఇరువైపులా ఏడేసి అడుగుల మేర ఉండే భాగాన్ని కిచెన్ అంటారని, అందులో నిలబడి బంతిని నేల తాకకముందే కొట్టరాదని ఆమెకు చెప్పినప్పుడు, “పెళ్లిలో ఏడడుగులు నడిచి వంటింట్లోకే వెళ్లాను, ఇక్కడ అదీ వద్దంటారా” అని నవ్వారు. మేము వెళ్లిన జిమ్‌లలో తక్కిన నియమాలన్నీ తోటి ఆటగాళ్లే ఓపికగా నేర్పారు.

మన వైపు జరిగిన పొరపాటును దాచడం భావ్యం కాదు. చలికాలంలో మనవాళ్లు ఎనిమిది మంది కలిసి వెళ్లి, ఒక కోర్టును తమలో తామే తిప్పుకున్నారు. మిగిలినవారు అభ్యంతరం చెప్పడం సబబే. డ్రాప్-ఇన్ అంటే ఎవరి ప్యాడిల్ పక్కన ఎవరిది పడితే వారితో ఆడటం. మనవాళ్లతోనే ఆడాలనుకుంటే కోర్టును అద్దెకు తీసుకోవాలి. ఈ మేరకు సభ్యులకు లేఖ పంపాము, అప్పటి నుంచి ఫిర్యాదు రాలేదు.

ఖర్చు విషయానికి వస్తే, కొత్తవారికి అరువిచ్చేందుకు కొన్న ప్యాడిళ్లు, బంతులే. వివరాలు కోశాధికారి లెక్కల్లో ఉన్నాయి. శుక్రవారం ఫోన్లు చేస్తున్న కార్యకర్త వచ్చే నెలలో ఊరు మారుతున్నారు. ఆ బాధ్యత తీసుకోగలవారు సర్వసభ్య సమావేశానికి ముందే కార్యవర్గానికి తమ పేరు తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.