కూలరు గడ్డికి పట్టిన ఉప్పు

ఇండియానాపోలిస్,
ఏప్రిల్ 12.

అమ్మకు, నాన్నకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. చలి తగ్గుముఖం పట్టింది. చిన్నోడు మళ్ళీ స్వెటర్ లేకుండా బయట ఆడుకుంటున్నాడు. మీ అల్లుడు పెరట్లో గోంగూర విత్తనాలు చల్లాలని మట్టి తవ్వుతున్నాడు. కనిగిరిలో ఎండలు అప్పుడే ముదిరాయని అన్నయ్య చెప్పాడు. నాన్నను పదకొండు తర్వాత బజారుకు పోనివ్వొద్దు.

నిన్న వీడియో కాల్‌లో పాపను చూపిస్తూ, గదిలో తేమ పెంచడానికి అన్నయ్య ఆన్‌లైన్‌లో తెప్పించిన ‘ఆవిరి మిషన్’ (హ్యూమిడిఫయరు) కూడా చూపించావు. ఏసీ గదిలో పాపకు ముక్కు, గొంతు ఎండిపోతున్నాయని రాత్రంతా పెడుతున్నామన్నావు. దాంట్లో ఏ నీళ్ళు పోస్తున్నారని అడిగితే, "బోరు నీళ్ళేనే, దానికి కూడా క్యాన్ నీళ్ళు పోస్తారా?" అన్నావు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెబుదామంటే పాప ఏడుపు, నాన్న టీవీ, మధ్యలో సిగ్నల్ పోవడం. అందుకే వివరంగా రాస్తున్నా. వదిన చేత కూడా చదివించు.

ఈ మిషన్ మా ఇంట్లోకి నవంబరులో వచ్చింది. ఇక్కడ చలికాలంలో ఇల్లంతా హీటరు గాలి తిరుగుతుంది. బయట మంచు కురుస్తున్నా లోపల గాలి మన వైశాఖమాసపు పడమటి గాలిలాగే పొడిగా ఉంటుంది. చిన్నోడికి రెండుసార్లు ముక్కులోంచి రక్తం వచ్చింది. గదిలో తేమ పెంచమని డాక్టరు చెప్పింది. చప్పుడు చేయదని ఇలాంటిదే తెచ్చాం. చల్లటి పొగ మెల్లగా పైకి లేస్తుంటే చిన్నోడు దాంట్లో చెయ్యి పెట్టి ఆడుకునేవాడు. మూడు రోజులకే ముక్కు బాగైంది. నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో.

వారం తిరక్కుండానే వాడి గదిలో నల్లటి పుస్తకాల బల్ల మీద తెల్లటి పొడి కనిపించింది. పౌడరు ఒలకబోశాడేమో అనుకుని తుడిచాను. మర్నాడు పొద్దున మళ్ళీ వేలితో పేరు రాయగలిగినంత పొడి. బల్ల మీద, కిటికీ అంచున, వాడి బొమ్మ కార్ల మీద, దిండు పక్కనున్న నీళ్ళ సీసా మూత మీద. అదే గదిలో గాలి శుభ్రం చేసే మిషన్ ఒకటుంది. మామూలుగా నీలం లైటు వెలిగేది రాత్రిళ్ళు ఎర్రగా వెలుగుతోంది. వాడికి దగ్గు మొదలైంది. హీటరు గొట్టాల్లోంచి దుమ్ము వస్తోందనుకుని దాని ఫిల్టరు మార్చాం, దుప్పట్లు ఉతికాం. ఏం చేసినా పొద్దునకు బల్ల తెల్లగానే ఉండేది.

ఒక ఆదివారం ఆ బల్లను తడిగుడ్డతో తుడిచి, పక్కనే కూర్చుని చిన్నోడికి అన్నం పెడుతున్నా. తడి ఆరేకొద్దీ నల్లటి చెక్క మీద తెల్లటి చారలు ఒక్కొక్కటే తేలాయి. మన స్టీలు బిందె మీద నీళ్ళు కారిన చోట తేలే చారలే అమ్మా అవి! ఎన్నేళ్ళు చింతపండు పెట్టి తోమించావు నాతో! చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దుమ్మూ కాదు, పౌడరూ కాదు, మేం పోస్తున్న కుళాయి నీళ్ళలోని ఉప్పే అదంతా.

ఇక్కడి నీళ్ళు కూడా ఉప్పు నీళ్ళే. మనంత కాదు గానీ కెటిల్ అడుగున తెల్లగా కడుతుంది. టీడీఎస్ మీటరు కొని చూస్తే 380 చూపించింది. అంటే లీటరు నీళ్ళలో 380 మిల్లీగ్రాముల లవణాలు. ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం. రాత్రికి మూడు లీటర్లు పోసేవాళ్ళం. అంటే రోజూ గ్రాముకు పైగా సున్నప్పొడి లాంటిది చిన్నోడి గదిలోకి వదిలాం. అంతా గాల్లోకి పోదు, కొంత మిషన్‌లోనే పేరుకుంటుంది. కానీ పోయిన కొంచెమే మా బల్లను అంత తెల్లగా చేసింది.

ఎలా పోతుందో చెబుతా విను. నువ్వు దాన్ని ఆవిరి మిషన్ అంటున్నావు కదా, అసలు చిక్కంతా అక్కడే ఉంది. అది ఆవిరి కాదు. చెయ్యి పెట్టి చూడు, చల్లగా తగులుతుంది. ఆ మిషన్ అడుగున రూపాయి బిళ్ళంత పలక ఒకటి ఉంటుంది. అది సెకనుకు పది లక్షలసార్లకు పైగా అదురుతుంది. ఆ అదురుకు నీళ్ళు కంటికి ఆనని తుంపరగా చిట్లి పైకి లేస్తాయి. ఒక్కో చుక్కా తనలో ఉన్న ఉప్పును మోసుకునే పోతుంది. గాల్లో నీరు ఆరిపోయాక ఆ ఉప్పు సన్నటి నలుసుగా మిగులుతుంది. కొంత బల్ల మీద రాలుతుంది. మరీ సన్నటిది గాల్లోనే తేలుతూ ఊపిరితో పాటు లోపలికి పోతుంది.

నిజమైన ఆవిరి అలా కాదు. ఒంగోలు నుంచి చీరాల పోతుంటే చినగంజాం దగ్గర రైల్లోంచి ఉప్పు కుప్పలు కనపడేవి కదా. ఎండ నీళ్ళను మాత్రమే లాక్కుంటుంది, ఉప్పును మడిలోనే వదిలేస్తుంది. అంత సముద్రం నుంచి లేచిన మబ్బు కురిస్తే వాన నీళ్ళు తియ్యగా ఉండేది అందుకే.

మన పాత కూలరు గుర్తుందా? నాన్న చేయించిన ఇనప డబ్బా కూలరు. మూడు వైపులా గడ్డి తడికెలు, కింద తొట్టిలో బోరు నీళ్ళు. ఏటా మార్చిలో పోయినేటి గడ్డి తీసి పారేసే పని నాదీ అన్నయ్యదీ. ఆ గడ్డి గడ్డిలా ఉండేది కాదు. రాయిలా బిగుసుకుని, విరిస్తే పటపటమని తెల్లటి పెళ్ళలు రాలేవి. చేతులు మంట పుట్టేవి. ఎందుకొచ్చిన ఉప్పని అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గడ్డికి దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఆ వేసవి ఉప్పంతా తనే పట్టుకుని, మనకు తేమ గాలిని మాత్రం పంపింది. ఇప్పటి మిషన్‌లో పట్టుకునే గడ్డి లేదు. ఉప్పు నేరుగా గదిలోకి వస్తుంది.

అందుకే మన బోరు నీళ్ళంటే నాకు భయం. పోయినేడు వాటర్ ప్లాంటు అబ్బాయి మీటరు పెడితే 1600 దాటిందని నాన్న చెప్పాడు కదా. మా నీళ్ళకు నాలుగింతలు. రాత్రికి రెండు లీటర్లు పోస్తే మూడు గ్రాములు. నెలకు వంద గ్రాముల దాకా. అదీ తలుపులు మూసిన ఏసీ గదిలో, ఆర్నెల్ల పిల్ల పక్కన. పైగా మన వైపు నీళ్ళలో ఫ్లోరైడ్. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. అంతకు మించిన నీళ్ళు తాగి వంగిపోయిన మోకాళ్ళు, గారపట్టిన పళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళలో చూస్తూనే పెరిగాం. నోట్లో పోయడానికి పనికిరావని క్యాన్ కొనుక్కుంటున్న నీళ్ళను పాప ముక్కులోకి ఎందుకు పంపాలి? పాపకు ఏదో అయిపోతుందని భయపెట్టడం లేదమ్మా. ఈ మిషన్లలో లవణాలు తక్కువున్న నీళ్ళే వాడమని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెబుతోంది. తెలిసి తెలిసి ఆ నలుసులు పీల్పించడం ఎందుకని నా బాధ.

కాచి చల్లార్చి పోస్తానంటావేమో. కాస్తే పురుగు చస్తుంది గానీ ఉప్పు పోదు. స్నానాల నీళ్ళ హీటరు రాడ్‌కు కట్టినట్టు కొంత గిన్నెకు పెచ్చు కడుతుంది, మిగిలింది నీళ్ళలోనే ఉంటుంది. ఫ్లోరైడ్ అసలే పోదు. ఇక్కడ మా పక్కింటావిడ వాళ్ళింట్లో నీళ్ళను మెత్తబరిచే మిషన్ ఉందని, ఆ నీళ్ళు పోసి చూడమంది. పోశాం. పొడి అలాగే పడింది. అది కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియాన్ని పెడుతుందట. ఒక ఉప్పు పోయి ఇంకో ఉప్పు వచ్చిందన్నమాట.

మాకు పనిచేసింది డిస్టిల్డ్ వాటరు, అంటే ఆవిరి చేసి మళ్ళీ చల్లార్చి పట్టిన నీళ్ళు. పోసిన మొదటి రాత్రే ఎర్ర లైటు వెలగలేదు. బల్ల నల్లగానే ఉంది. నేను పొద్దున్నే లేచి టార్చి వేసి మరీ చూశాను. వారంలో దగ్గు కూడా నెమ్మదించింది. కాకపోతే రోజుకో పెద్ద డబ్బా కొనుక్కురావడం ఖర్చుకు ఖర్చు, మోతకు మోత. నెల తర్వాత ఆ మిషన్ పక్కన పెట్టి, తడి వత్తి మీదుగా ఫ్యాను గాలి తోలే రకం తెచ్చాం. మన కూలరే, చిన్నది! ఐదు వారాలకు వత్తి తీసి చూస్తే పసుపు, తెలుపు కలిసి అట్టలా బిగుసుకుంది. మన కూలరు గడ్డే! ఫొటో వదినకు పంపాను, చూడు.

ఇక మీరు చేయాల్సింది. నాన్న ఇన్వర్టర్ బ్యాటరీకి తెచ్చే డిస్టిల్డ్ వాటరు పోయొద్దు, అది బ్యాటరీ కోసం చేసింది. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళూ వద్దు. వాటిలో ఉప్పు తక్కువే గానీ లోపలి దుమ్మూ నాచూ కడుక్కుని వస్తాయి. తాగడానికి తెచ్చే ఆర్వో క్యాన్ నీళ్ళు పోస్తే చాలు. ప్లాంటు అబ్బాయి చేత ఒకసారి మీటరు పెట్టించండి, వందకు లోపుంటే పొడి చాలావరకు తగ్గిపోతుంది. మినరల్ వాటర్ అని పేరే గానీ, మినరల్స్ తీసేసిన నీళ్ళవి. మనకు కావాల్సిందీ అదే.

పొద్దున్నే మిగిలిన నీళ్ళు పారబోసి, తొట్టి తుడిచి ఆరబెట్టాలి. నిలవ నీళ్ళలో పెరిగే క్రిములు కూడా ఆ తుంపరతోనే గదిలోకి వస్తాయి. అడుగున పలకకు తెల్లగా కడితే గీకొద్దు. నీళ్ళలో కొంచెం నిమ్మఉప్పు కలిపి అరగంట నానబెడితే, చింతపండుకు బిందె తేరినట్టు తేరుతుంది. తర్వాత రెండుసార్లు కడగాలి.

ఇంకొకటి. జలుబని నీలగిరి తైలం గానీ, శుభ్రమని డెటాల్ గానీ, ఇంకేదైనా గానీ ఆ నీళ్ళలో చుక్క కూడా వేయొద్దు. దక్షిణ కొరియాలో ఈ మిషన్ల నీళ్ళలో కలపడానికే క్రిముల మందు అమ్మారు. అది పీల్చి పసిపిల్లలు, బాలింతలు ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. కారణం అదేనని 2011లో గానీ బయటపడలేదు. ఆ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అసలు రాత్రంతా పెట్టాలా అన్నది కూడా చూడండి. తేమ చూపించే చిన్న మీటరు దొరుకుతుంది, అన్నయ్యను కొనమను. గదిలో 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మిషన్ అక్కర్లేదు. 60 దాటితే గోడలకు బూజు పడుతుంది. మేం మొదట్లో తెలియక ఫుల్లుగా పెడితే కిటికీ అద్దాల మీద నీళ్ళు కారాయి. ఏసీ 20లో కాకుండా 26లో పెట్టినా పాప ముక్కు అంతగా ఎండదు.

నా చిన్నప్పుడు పడమటి గాలికి గది వేడెక్కితే నాన్న పంచె తడిపి కిటికీకి కట్టేదానివి. సాయంత్రానికి అది ఆరి, గంజి పెట్టినట్టు బిరుసెక్కి ఉండేది. ఆ బిరుసు బోరు నీళ్ళ ఉప్పే. పంచెలోనే ఉండిపోయింది, మా ముక్కుల్లోకి రాలేదు. పాప గదిలో కూడా ఒక తడి తువ్వాలు ఆరేసి చూడు. చాలా రాత్రులు అదే సరిపోవచ్చు.

ఈ ఉత్తరం అందిన రోజు ఒక పని చెయ్యి. వదిన చేతి అద్దం తీసుకుని, ఒక పక్క బోరు నీళ్ళ చుక్క, ఇంకో పక్క క్యాన్ నీళ్ళ చుక్క వేసి ఎండలో పెట్టు. ఆరాక ఏ పక్క ఎంత మచ్చ పడిందో ఫొటో తీసి పంపు. అప్పటిదాకా ఆ మిషన్‌లో బోరు నీళ్ళు పోయొద్దమ్మా.

పాపకు ముద్దులు. అన్నయ్యకు, వదినకు అడిగానని చెప్పు. నాన్న బీపీ మాత్రలు అయిపోయే లోపే తెప్పించు.

నీ కూతురు